రుషికొండ: పేరు పెరిగిన ఊరు

రుషికొండ అనగానే తెలుగువాళ్ళందరి కళ్ళముందూ మెదిలే ఆ కొండ, సర్కారు లెక్కల్లో రుషికొండలో లేదు. పర్యాటక శాఖ కట్టడాల మీద వివాదం రేగి హరిత ట్రిబ్యునల్‌కూ హైకోర్టుకూ వెళ్ళినప్పుడు బయటపడిన కాగితాల్లో ఆ స్థలం ఎండాడ గ్రామం, సర్వే నంబరు 19. మండలం చినగదిలి. పేరు ఒక ఊరిది, దస్తావేజు మరో ఊరిది. విశాఖపట్నం ఉత్తర తీరాన ఉన్న ఈ చిన్న పల్లె చరిత్రంతా ఇంచుమించు ఇలాగే నడిచింది. పేరు అందరికీ అక్కరకొచ్చింది. ఊరి గురించి అడిగినవాళ్ళు తక్కువ.

ఈ ధారావాహికలో కిందటి భాగాలు భీమిలికి ఇచ్చాం. భీమిలి చరిత్ర రాయడం ఒక విధంగా తేలిక. డచ్చివాళ్ళ సమాధులున్నాయి, దీపస్తంభం ఉంది, భీమిలి జనుము ఎగుమతి లెక్కలున్నాయి. 1861లోనే మున్సిపాలిటీ కూడా ఏర్పడింది కాబట్టి తీర్మానాలు, పన్నుల పద్దులు, కౌన్సిలర్ల పేర్లు మిగిలాయి. ఇటు విశాఖపట్నానికి ఈస్టిండియా కంపెనీ కోఠీ నాటి నుంచే రికార్డులున్నాయి. ఈ రెండు పట్నాల నడుమ ఉన్న తీరంలో జోడుగుళ్ళపాలెం, రుషికొండ, తిమ్మాపురం, మంగమారిపేట లాంటి ఊళ్ళు వరసగా ఉన్నాయి. వాటికి కోఠీ లేదు, కోట లేదు, మున్సిపాలిటీ అంతకన్నా లేదు. అందుకే చరిత్రకారులు విశాఖలో బండెక్కి నేరుగా భీమిలిలో దిగుతూ వచ్చారు. ఈ వారం మధ్యలోనే దిగుదాం.

ముందు నేల సంగతి. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లాగే ఇక్కడివీ ఖోండలైట్ రాతివి. తూర్పు కనుమల పొడుగునా కనిపించే ఈ రాయికి ఖోండు గిరిజనుల పేరే పెట్టారు భూగర్భ శాస్త్రజ్ఞులు. ఎండకూ వానకూ తొందరగా చివికి ఎర్రమట్టిగా మారే రకం ఇది. ఆ రాతిలోని గార్నెట్ రేణువులు వానాకాలం గెడ్డల వెంట జారి సముద్రంలో కలుస్తాయి. అల వెనక్కి తీసినప్పుడు ఈ ఒడ్డున వంగి చూస్తే, తడి ఇసుక మీద కెంపు రంగు చారలు కనిపిస్తాయి. వాటి పక్కనే ఇల్మనైట్ నల్ల చారలు. కొండ ఇలా పొడిపొడిగా సముద్రంలోకి దిగిరావడం ఎన్నో వేల ఏళ్ళుగా జరుగుతున్న పని. ఈ కొండల వాలు మీద చెట్టు నిలిచి ఉంటేనే మట్టి నిలుస్తుంది.

కొండలు సముద్రానికి ఇంత దగ్గరగా రావడం వల్ల ఇంకో పరిణామం కలిగింది. కలకత్తా–మద్రాసు ట్రంకు రోడ్డు ఈ వరసకు అవతలగా మధురవాడ మీదుగా పోయింది. రైలు మార్గం ఇంకా లోపలికి జరిగి సింహాచలం, కొత్తవలస మీదుగా విజయనగరం చేరింది. రోడ్డూ రైలూ రెండూ తప్పించుకు పోవడంతో కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న ఇరుకు నేల చాలాకాలం ఎవరికీ పట్టలేదు. జీడిమామిడి, సరుగుడు తోటలు, తాటిచెట్లు, ఒడ్డున జాలరి గుడిసెలు. వెనక కంబాలకొండ అడవి విజయనగరం సంస్థానం కింద ఉండేది.

ఎవరికీ పట్టలేదన్నది ఈమధ్య శతాబ్దాల మాట. రెండు వేల ఏళ్ళ కిందట ఈ తీరం అలా లేదు. రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే వచ్చే తొట్లకొండ మీద బౌద్ధారామం ఉందన్న సంగతి 1976లో, నౌకాదళం తన స్థావరం కోసం విమానం మీద సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. దానికి ముందే, 1982–87 మధ్య, సమీపంలోని బావికొండ తవ్వకాలు జరిగాయి. అక్కడ అస్థిక ఉన్న భరిణె దొరికింది. తొట్లకొండ మీద స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల, వాననీరు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు బయటపడ్డాయి. శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమను వెండి నాణేలూ దొరికాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తుశకం మూడో శతాబ్దం దాకా ఇది వర్ధిల్లిందని పండితుల అంచనా.

రోమను నాణెం దొరికిందంటే మనకు వెంటనే ఓడలు, వర్తకులు గుర్తొస్తారు. పాఠ్యపుస్తకాలూ అంతవరకే చెప్పి ఆగుతాయి. నాకు మాత్రం ఆ భోజనశాల దగ్గరే ఆగాలనిపిస్తుంది. వందమందికి పైగా ఉండగలిగిన ఆరామం అది. భిక్షువు వ్యవసాయం చేయడు, వంటచెరకు కొట్టడు. వాళ్ళకు బియ్యం పండించిందీ, ఆ కొండ ఎక్కించిందీ ఎవరు? లార్స్ ఫోజెలిన్ అనే అమెరికన్ పురావస్తు పరిశోధకుడు ఇదే ప్రశ్న పట్టుకుని తొట్లకొండ చుట్టూ ఉన్న నేలను కాలినడకన గాలించాడు. ఆరామానికీ కింద ఉన్న సామాన్య జనానికీ నడిచిన సంబంధం మీద 2006లో పుస్తకం వెలువరించాడు. బౌద్ధం గొప్ప వర్తకుల దానాల మీదే బతికిందన్న పాత అభిప్రాయం చాలదనీ, చుట్టుపక్కల ఊళ్ళ జనాన్నీ లెక్కలోకి తీసుకోవాలనీ ఇలాంటి పరిశోధన వల్లే తేలింది. గొప్ప కట్టడం పక్కన పేరులేని ఊరు ఉంటుంది. దాన్ని వెతకాలంటే కొండ దిగి నడవాలి.

ఆరామాలు ఖాళీ అయ్యాక కూడా ఈ ఒడ్డు ఖాళీగా లేదు. ఉత్తరాంధ్ర తీరమంతా జాలరి, వాడబలిజ కులాలవాళ్ళు స్థిరపడ్డారు. వాళ్ళ చరిత్రకు శాసనాలు లేవు. ఉన్నది పని. ఆ పనిలో ఒకటి, ఇప్పటికీ ఈ తీరాన అక్కడక్కడా చూడగలిగేది, అలివి వల.

తెల్లవారుజామున వల మోకు ఒక కొసను ఒడ్డున కొంతమంది చేతుల్లో వదిలి, పడవ సముద్రంలోకి వెళ్తుంది. వల జారవిడుస్తూ అర్ధచంద్రాకారంగా తిరిగి, కొన్ని వందల అడుగుల అవతల రెండో మోకును మళ్ళీ ఒడ్డుకు చేరుస్తుంది. అక్కణ్ణుంచి గంటల తరబడి లాగుడు. రెండు జట్లు, రెండు మోకులు. మడమలు ఇసుకలో దిగేసి, నడుం వెనక్కి వాల్చి, అడుగులో అడుగు వేస్తూ వెనక్కి నడుస్తారు. వరసలో అందరికన్నా వెనక ఉన్నవాడు తన వంతు కాగానే మోకు వదిలి, నీళ్ళ దగ్గరికి వచ్చి మళ్ళీ ముందు పట్టుకుంటాడు. ఈ చుట్టు ఆగదు. లాగేకొద్దీ రెండు జట్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. చివరికి మధ్యలో ఉన్న వల సంచి ఒడ్డు తాకుతుంది. నెత్తళ్ళు, కవ్వళ్ళు, సావిడాయిలు. ఒక్కోరోజు సంచినిండా, ఒక్కోరోజు గంపెడు కూడా ఉండవు. పడిందాంట్లో వలకు ఒక వాటా, పడవకు ఒక వాటా, లాగినవాళ్ళకు తలా ఒక వాటా. మోకు పట్టిన ముసలివాడికీ, బడికి పోని గుంటడికీ ఎంతో కొంత ముడుతుంది. అమ్మకం ఆడవాళ్ళది. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీదికి వెళ్ళడం, మిగిలింది ఇసుక మీద ఎండబెట్టడం, ఎండుచేపను వర్షాకాలానికి దాచడం, అప్పులూ చీటీలూ చూసుకోవడం వాళ్ళ పనే. మగవాడు సముద్రం మీద సంపాదిస్తే దాన్ని డబ్బుగా మార్చేది ఆడది.

ఈ పనికి కావలసింది ఒకటుంది. ఖాళీ ఒడ్డు. పడవ నిలపడానికి, రెండు జట్లు విడివిడిగా నిలబడి లాగడానికి, వల ఆరేయడానికి, చేప ఎండబెట్టడానికి వందల గజాల ఇసుక ఉండాలి. అది ఎవరి పేరునా పట్టా ఉండదు. అందరిదీ కాబట్టి ఎవరి పేరునా రాసుకోలేదు. ఆ లేని పట్టాయే తర్వాత కాలంలో ఈ ఊళ్ళ పాలిట పెద్ద లోటయింది.

మున్సిపాలిటీ లేనంత మాత్రాన ఈ ఊళ్ళకు పాలన లేదనుకోకూడదు. కులపెద్దలు, వాళ్ళ పంచాయితీ, కట్టుబాటు ఉండేవి. ఏ వల ఎక్కడ వేయాలి, ఎవరి వంతు ఎప్పుడు, సముద్రం మీద ప్రాణం పోతే ఆ ఇంటికి ఏం చేయాలి, గంగమ్మ పండగకు ఇంటికెంత వేయాలి, ఇవన్నీ అక్కడ తేలేవి. అమెరికన్ మానవశాస్త్రవేత్త చార్లెస్ నకల్స్ విశాఖ జాలరుల మధ్య ఏళ్ళ తరబడి ఉండి వాళ్ళ బంధుత్వాలు, దేవతలు, తగవుల పరిష్కారాల మీద 1996లో పెద్ద గ్రంథమే రాశాడు. మన విశ్వవిద్యాలయం గడప దగ్గరే ఉన్న జాలరిపేట మీద అంత ఓపికగా మన భాషలో ఎంతమంది రాశారో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. ఆ కట్టుబాట్లు ఇప్పుడు మునుపటంత బలంగా లేవు. 2022 జనవరిలో రింగు వలల విషయమై పెదజాలరిపేట దగ్గర జాలర్ల మధ్య గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. పోలీసులు 144వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. పెద్ద పెట్టుబడి వల సముద్రంలోకి దిగాక ఊరిపెద్ద మాట ఒక్కటే చాలలేదు.

ఇక నగరం సంగతికి వద్దాం. విశాఖ మొదట పెరిగింది దక్షిణానికి. 1933లో రేవు తెరుచుకుంది. 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం వచ్చాయి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చాక, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఆ వైపు ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయాయి. లేచిపోయిన ఊళ్ళకు నిర్వాసితులన్న పేరు, నష్టపరిహారం ఫైలు, పునరావాస కాలనీ, కనీసం అడగడానికి ఒక హక్కు మిగిలాయి. ఉత్తరాన జరిగింది వేరు. ఇక్కడ ఊరిని ఎవరూ లేపలేదు. ఊరి చుట్టూ ఉన్నది ఒక్కొక్కటిగా వేరేవాళ్ళదయింది. దీనికి ఫైలు ఉండదు.

1977లో కంబాలకొండ పక్క జంతు ప్రదర్శనశాల తెరిచారు. 1980లో ఎం.వి.వి.ఎస్. మూర్తి స్థాపించిన గీతం ఇంజనీరింగ్ కళాశాల ఈ తీరానికి వచ్చింది. 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థుల ఉత్తరాల మీద చిరునామా రుషికొండ అని పడింది. పట్టణాభివృద్ధి సంస్థ (ఉడా) లేఅవుట్లు వచ్చాయి. పర్యాటక సంస్థ కొండ మీద కాటేజీలు కట్టింది. సెలవురోజు రుషికొండ వెళ్ళడం విశాఖ కుటుంబాలకు అలవాటయింది. ఈ మార్పు చెడ్డదని నేను అనను. చదువు వచ్చింది, రోడ్డు వచ్చింది, ఆ రోడ్డు పక్కన బళ్ళు పెట్టుకుని, స్పీడు బోట్లు నడిపి, లైఫ్‌గార్డులుగా చేరి జాలరి ఇళ్ళ పిల్లలు కొందరు బతుకుతెరువు చూసుకున్నారు. ఈ ఒడ్డున అల కింద లాగుడు ఎక్కడుంటుందో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీతోపాటు 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగర పాలక సంస్థను ఏర్పాటు చేశారు. మధురవాడ, ఎండాడ, రుషికొండ వైపు ఊళ్ళన్నీ అప్పుడే నగరంలో కలిశాయి. పంచాయతీ పోయింది, సర్పంచి పోయాడు, వార్డు వచ్చింది. బాగానే ఉంది. కానీ 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిస్తే, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే తొమ్మిదేళ్ళపాటు ఈ ఊళ్ళకు సర్పంచీ లేడు, కార్పొరేటరూ లేడు. ఐటీ కొండలు పెరిగిందీ, అపార్టుమెంట్లు లేచిందీ, తీరం విలువ ఆకాశానికి ఎక్కిందీ ఆ తొమ్మిదేళ్ళలోనే. ప్రత్యేకాధికారి పాలనలో ఒక జాలరిపేట తన గోడు ఎవరికి చెప్పుకోవాలి? నా దృష్టిలో రుషికొండ ఆధునిక చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదే. దీన్ని గురించి పత్రికల్లో దాదాపు ఏమీ రాలేదు.

ఆ మధ్యకాలంలోనే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. కంబాలకొండ మీద పచ్చదనం ఒక్క పూటలో మోడువారింది. తీరంలో పడవలు, వలలు పోయాయి. ప్రకృతి చేసిన ఆ గాయం నాలుగైదు వానలకు పూడింది. కొండ మళ్ళీ చిగిర్చింది.

2020 అక్టోబరులో రుషికొండ బీచ్‌కు బ్లూ ఫ్లాగ్ దక్కింది. డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే సంస్థ, నీటి నాణ్యత, శుభ్రత, భద్రత లాంటి 33 ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. ఆ ఏడాది దేశంలో ఎనిమిది బీచ్‌లకు వస్తే ఆంధ్రప్రదేశ్ నుంచి ఇదొక్కటే. నిర్వహణ సడలిందన్న ఫిర్యాదుల మీద 2025 మొదట్లో జెండా దింపారు. లోపాలు దిద్దాక కొన్ని వారాల్లోనే తిరిగి ఎగరేశారు. జెండా దిగితే ప్రభుత్వం కదిలింది. మంచిదే. వల ఆరేసుకునే ఇసుక తగ్గిపోయినప్పుడు ఆ కదలిక ఉండదు. ఎందుకంటే 33 ప్రమాణాల లెక్క ఈతకు వచ్చే మనిషి కోసం పుట్టింది. అదే ఒడ్డున బతికే మనిషి కోసం కాదు.

కొండ గురించి ఇప్పటికే చాలా రాశారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2021లో పాత హరిత రిసార్ట్‌ను పడగొట్టారు. తీర నియంత్రణ మండలి అనుమతి వచ్చింది 9.88 ఎకరాలకు. కొండను తొలిచిన తీరు మీద కేసులు పడ్డాయి. తొలిచిన ఎర్రటి వాలు మీద ఆకుపచ్చ పట్టాలు కప్పిన ఫొటోలు దేశమంతా చూసింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అంతకుముందు కట్టడాలున్న చదును నేలకే పని పరిమితం చేయాలని చెప్పి వ్యవహారాన్ని హైకోర్టుకు పంపింది. నాలుగు వందల కోట్లకు పైగా ఖర్చయిన ఆ భవనాలకు వేంగి, కళింగ, గజపతి, విజయనగర అని పేర్లు పెట్టి 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. ఆ జూన్‌లో ప్రభుత్వం మారింది, తలుపులు తెరిచి పత్రికలవాళ్ళకు లోపల చూపించారు. రాజకీయంగా ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు. చరిత్ర రాసేవాడిగా నాకు కనిపించేది ఒకటే. పాత రాజ్యాల పేర్లు ఆ కొండ మీదికి ఎక్కాయి. కొండ కింద పేట పేరు మాత్రం ఏ గదికీ పెట్టలేదు.

అటు మధురవాడ కొండల్లో ఉన్న ఐటీ హిల్స్‌నీ పత్రికలు రుషికొండ అనే రాస్తాయి. 2025లో టీసీఎస్‌కు ఐటీ హిల్ 3 మీద 21.16 ఎకరాలు నామమాత్రంగా 99 పైసల ధరకు కేటాయించారు. తిరుమల తిరుపతి దేవస్థానం 2022 మార్చిలో ప్రారంభించిన శ్రీవారి ఆలయానిదీ రుషికొండ పేరే. భోగాపురం విమానాశ్రయానికి వెళ్ళే దారి అంటూ ఈ బీచ్ రోడ్డు మీద ఇప్పుడు కొత్త ఆశలు, కొత్త ధరలు. ఒక జాలరి పల్లె పేరు ఇన్ని చదరపు కిలోమీటర్లకు పాకడం మన తీరంలో ఇంకెక్కడా నేను చూడలేదు.

ఇదంతా తిరగేయడం ఎవరివల్లా కాదు, అక్కర్లేదు కూడా. కానీ చేయగలిగిన పని ఒకటుంది, అది చట్టంలోనే ఉంది. 1991 నుంచి అమల్లో ఉన్న తీర నియంత్రణ నిబంధనలను 2011లోనూ 2019లోనూ మార్చినప్పుడు, ప్రతి రాష్ట్రమూ తీర నిర్వహణ పటాలు గీయాలనీ, వాటిలో మత్స్యకార గ్రామాలనూ, వాళ్ళ ఉమ్మడి స్థలాలనూ, భవిష్యత్తులో వాళ్ళ ఇళ్ళకు కావలసిన చోటునూ చూపాలనీ రాశారు. ముసాయిదా పటాల మీద ప్రజల అభిప్రాయం తీసుకోవడం తప్పనిసరి. ఎవరి పేరునా పట్టా లేని ఆ ఇసుకకు చట్టం ఇచ్చిన ఏకైక పట్టా ఆ పటంలోని గీత. అది గీయకపోతే రేపు ఏ వివాదం వచ్చినా అక్కడ వల ఎండేదని నిరూపించడానికి పేటవాళ్ళ దగ్గర ఏమీ ఉండదు.

కాబట్టి జోడుగుళ్ళపాలెం నుంచి భీమిలి దాకా తీర గ్రామాల్లో చదువుకున్న పిల్లలకు నా విన్నపం ఇది. మీ ఊరి పటం తెప్పించుకుని చూడండి. పడవలు నిలిపే చోటు, వల లాగే ఒడ్డు, చేప ఎండబెట్టే ఇసుక, గంగమ్మ గుడి, నీళ్ళ గెడ్డ అందులో ఉన్నాయో లేదో మీ తాతనూ అమ్మమ్మనూ పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడండి. లేనివాటిని ఈసారి అభిప్రాయ సేకరణలో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.